వెన్ను వంపును చదివే చేతులు

పెరిగే వయసు పిల్లను అరచేతులు కలిపి ముందుకు వంగమంటారు. ఫిజియోథెరపిస్టు వెనక నిలబడి చూస్తారు. ఒక వైపు పక్కటెముకలు ఎత్తుగా లేచాయా? అయితే వెన్ను పక్కకు ఒరగడమే కాదు, మెలి కూడా తిరిగిందన్నమాట. "సరిగ్గా నిలబడవే" అని ఇంట్లో తిట్టినన్నాళ్లూ ఎవరికీ తట్టని సంగతి అది. ఎక్స్‌రేలో వంపును కొలిచే కాబ్ కోణం కనీసం 10 డిగ్రీలుంటే స్కోలియోసిస్ అంటారు.

నన్ను ముగ్ధుణ్ని చేసేది ఆ తరవాతి పని. తనకే వెన్ను వంకర ఉన్న జర్మన్ మహిళ కథరీనా ష్రోత్ అద్దం ముందు సాధన చేసి ఒక పద్ధతి రూపొందించారు. 1921లో మైసెన్‌లో చికిత్స ప్రారంభించారు. ఆ పద్ధతిలో, అణగిపోయిన పక్క మీద థెరపిస్టు వేళ్లు ఆనించి, "ఇక్కడికి ఊపిరి తీసుకో తల్లీ" అంటారు. నొక్కుకుపోయిన చోటు మెల్లగా ఉబ్బుతుంది. ఏ వంపుకు ఏ భంగిమో మనిషి మనిషికీ మారుతుంది. అందరికీ ఒకే వ్యాయామాల కాగితం చేతిలో పెట్టడం ఈ విద్య కాదు.

వెన్ను నిటారుగా చేసేస్తామని ఈ థెరపిస్టులు మాటివ్వరు. పెరుగుదల మిగిలి ఉండి, వంపు 25 డిగ్రీలు దాటితే వెన్నుకు తొడిగే బ్రేస్ కోసం ఆర్థోపెడిక్ డాక్టర్ దగ్గరికి పంపుతారు. తమ పని ఎక్కడిదాకానో తెలిసిన ఆ నిబ్బరం మీద నాకెంతో గౌరవం.