సామూహిక చికిత్స – కలయిక బలమా, పాఠము బలమా?

బైపోలార్ వ్యాధి గలవారికి కొంతకాలము మనస్సు అమితోత్సాహముతో ఉప్పొంగును, నిద్ర అక్కరలేదనిపించును, డబ్బు నీళ్లవలె ఖర్చగును. మరికొంతకాలము విషాదము క్రమ్ముకొనును. ఈ వ్యాధి తరచుగా యౌవనారంభముననే పొడసూపును గనుక ఉపాధ్యాయులు దీనిని ఎరిగియుండుట మంచిది. ఉన్మాదదశను లిథియము అణచునని 1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ వెల్లడించెను. మందుతోపాటు రోగులను ఒకచోట చేర్చి సామూహిక చికిత్స జరుపుట తరువాత వచ్చిన పద్ధతి. దాని విలువ ఎంత?

బార్సిలోనాలో కోలోమ్, వియేటా ప్రభృతులు జరిపిన ప్రయోగము 2003లో వెలువడినది. అందు పాల్గొన్న 120 మందియు మందులు వాడుచు కుదుటపడియున్నవారే. సగము మందికి 21 పాఠములు చెప్పిరి: తొలి లక్షణములను గుర్తించుట, మందు మానకుండుట, వేళకు నిద్రించుట. తక్కినవారు దాదాపు అన్నిమార్లే కూడిరి; కాని వారికి పాఠములు లేవు. రెండేండ్ల పరిశీలన ముగియునాటికి వ్యాధి తిరుగబెట్టినది మొదటివారిలో నూటికి 67 మందికి, రెండవవారిలో 92 మందికి. మేలు చేసినది కలయిక కాదు, పాఠమే అని తోచును. అయినను 67 చిన్న సంఖ్య కాదు. పాఠము మందుకు తోడేగాని బదులు కాదు.

ఇంగ్లండులో 304 మందిపై జరిగి 2016లో వెలువడిన ప్రయోగము ఈ నిర్ణయమును కొంత సడలించినది. అచట పాఠములను, రోగులు పరస్పరము సాయపడు సమావేశములతో పోల్చగా, మొత్తముమీద స్పష్టమైన భేదము కానరాలేదు. అంతకుముందు వ్యాధి ఏడుమార్లకు మించి రానివారికి మాత్రము పాఠములు ఉపకరించినవి. కనుక పాఠము తొలినాళ్లలోనే అందవలెను.

ఈ పాఠములను ఉన్నవున్నట్లు తెనిగించి హిందూపురము, పెనుకొండ, ధర్మవరములలో చెప్పిన చాలునా? చాలదు. ధర్మవరపు పట్టుమగ్గముపై రాత్రింబవళ్లు నేయవలసివచ్చినచో నిద్ర చెడును. నిద్ర చెడుట ఉన్మాదమునకు దారితీయవచ్చును. ఇచటి ఎండలలో చెమటపట్టి ఒంటిలో నీరు తగ్గినచో రక్తములో లిథియము హెచ్చి విషమగు ప్రమాదము కలదు. కొన్ని నొప్పిమాత్రలును అట్లే చేయును. ఈ రెండు సంగతులును ఇచటి మొదటి పాఠములో ఉండవలెను. హిందూపురమున కన్నడము మాటలాడువారికి ఆ భాషలోనే చెప్పవలెను. మూడు ఊళ్లును బెంగుళూరు రైలుమార్గమున ఉన్నవి నిజమే. కాని వారమువారము అచటికి పోయిరావలెనన్నచో 21 దినముల కూలి పోవును.

మానసిక వైద్యము అందరి హక్కు అని 2017 నాటి చట్టము చెప్పుచున్నది. 2022లో ఆరంభమైన టెలీ మానస్ 14416 నంబరుకు ఎవరైనను ఫోను చేయవచ్చును. అది తొలి మెట్టు. చేరువలోనే, తమ భాషలో, తమ బ్రతుకునకు తగిన పాఠము వినగలిగిననాడే సామూహిక చికిత్స ఇచట సార్థకమగును.