నరం చూసే వేలు

అనంతపురం వైపు బోరు పాయింటు చూసేవాళ్ళు అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేనంతా తిరుగుతారు. కాయ లేచి నిలబడ్డ చోట మిషను దించుతారు. నీళ్ళు పడితే సరి, లేకుంటే అప్పు మిగులుతుంది. ఎముకమజ్జ మార్పిడికి మూలకణాలు తీసే నర్సు వెతికేదీ ఒక పాయింటే. ఆమెకు కొబ్బరికాయ అక్కర్లేదు, చూపుడువేలి కొస చాలు.

రాయవేలూరు సీఎంసీ ఆసుపత్రిలో ఈ మార్పిడులు 1986లోనే మొదలయ్యాయి. అప్పట్లో దాతకు మత్తిచ్చి తుంటి ఎముక నుంచి మజ్జ తోడేవారు. ఇప్పుడు చాలావరకు చేతి నరం నుంచే పని అయిపోతోంది. నాలుగైదు రోజులు ఫిల్‌గ్రాస్టిమ్ సూదులు వేస్తారు. ఒళ్ళంతా ఎముకలు సలుపుతాయి, ఆ సలుపుతోనే మూలకణాలు మజ్జ వదిలి నెత్తుట్లోకి వస్తాయి. తర్వాత యంత్రం పని. 1960లలో కొడుకుకు రక్త క్యాన్సర్ వచ్చిన ఐబీఎం ఇంజనీరు జార్జ్ జడ్సన్ మొదలుపెట్టిన ఆలోచన నుంచి పెరిగిన యంత్రమిది. ఒక చేతి నుంచి నెత్తురు లాగి, గిర్రున తిప్పి, కావలసిన పొర తీసుకుని, మిగతాది రెండో చేతికి తిరిగి ఎక్కిస్తుంది. నిమిషానికి 50 మిల్లీలీటర్ల చొప్పున నాలుగు గంటలు నడిస్తే 12 లీటర్లు. ఒంట్లో ఉన్న నెత్తురంతా రెండు మూడుసార్లు తిరిగొచ్చినట్టు.

అన్నకు కణాలివ్వడానికి మన శెనక్కాయ రైతు ఒకాయన వచ్చాడనుకోండి. ముంజేతుల మీద నరాలు మోకుల్లా ఉబ్బి ఉంటాయి. కొత్త నర్సు సంబరపడిపోతుంది. చేయి తిరిగిన నర్సు వాటిని చూసీ చూడనట్టు వదిలేసి మోచేతి మడత దగ్గర వేలు ఆనిస్తుంది. పట్టీ బిగించి, నొక్కి, వదులుతుంది. వేలికింద మెత్తగా ఉండి మళ్ళీ పైకి లేస్తే మంచి నరం. తీగలా గట్టిగా తగిలితే పాత సూదులకు మచ్చకట్టింది. పక్కకు జారితే సూదికి దొరకదు. కొట్టుకుంటుంటే అది ధమని, దాని జోలికే పోకూడదు.

లాగే వైపుకు 16 లేదా 17 గేజి ఉక్కుసూది. మొన వెనకాల దానికి చిన్న కన్ను ఉంటుంది, నరం గోడ మొనకు అతుక్కున్నా నెత్తురు అటునుంచి రావడానికి. ఈ పనిముట్టు చేసినవాడికి దండం పెట్టాలి. ఆ చెయ్యి నాలుగు గంటలూ మడవకూడదు. తిరిగి ఎక్కించే వైపు మెత్తని ప్లాస్టిక్ గొట్టం చాలు, కాస్త కదిలించుకోవచ్చు. అందుకే ముందు అడుగుతుంది: “ఏ చేత్తో తింటావన్నా?” రెండు చేతుల్లోనూ నరాలు సమంగా ఉంటే తినే చెయ్యి వదిలిపెడుతుంది. ముక్కు దురద పెడితే గోక్కోవడానికైనా ఒక చెయ్యి కావాలి కదా.

తక్కువ నీళ్ళున్న బోరుకు పెద్ద మోటారు బిగిస్తే ఏమవుతుందో మనకు తెలుసు. నరమూ అంతే. లాగుడు ఎక్కువైతే గోడ సూదికి అంటుకుని యంత్రం కూత పెడుతుంది. తొందరపాటు మనిషి ఇంకోచోట గుచ్చుతుంది. ఈమె వేగం తగ్గించి, చేతిలో రబ్బరు బంతి పెట్టి పిసకమంటుంది.

కీమోతో నరాలు పాడైన రోగి తన కణాలే తనకు దాచుకునేటప్పుడు, లేదా పసిపిల్లలకు, చేతులు పనికిరాకపోవచ్చు. అప్పుడు అల్ట్రాసౌండ్‌లో చూస్తూ మెడలోనో గజ్జలోనో రెండు దారుల గట్టి గొట్టం వేస్తారు. మందులెక్కించే సన్నని గొట్టాలు ఇంత లాగుడుకు ముడుచుకుపోతాయి. ఆరోగ్యంగా ఉన్న దాతకు మాత్రం మెడ గొట్టం ఊరికే వేసేది కాదు, రక్తస్రావమో ఇన్‌ఫెక్షనో తగిలితే ఎవరు బాధ్యులు? అందుకే నరాలు ముందే చూసి, చేతులతో కాదనిపిస్తే ఆ రోజే చెప్పేస్తుంది. నాలుగు పోట్లు పొడిచాక చెప్పడం పనితనం కాదు.

గొట్టం ఎర్రబడగానే రైతు తల తిప్పకుండానే అడుగుతాడు.

“పడ్డాయా?”

“పడ్డాయన్నా. చెయ్యి మడవొద్దు.”