పుట్టగొడుగుకో చిరునామా

తొలకరి దాటి, రెండు మూడు గట్టి వానలు పడి, మధ్యలో నాలుగు రోజులు ఉక్కపోసిందంటే బెల్లంకొండ చుట్టుపక్కల జీవాలు కాసేవాళ్ల చూపు పుట్టల మీదికి పోతుంది. చరిత్రకారులకైతే బెల్లంకొండ అనగానే రెడ్డిరాజుల నాటి కోట, 1515 నాటి కొండవీటి దండయాత్రలో దాన్ని పట్టుకున్న కృష్ణదేవరాయలు గుర్తొస్తారు. కొండ కింద చిట్టడవిలో, చేల గట్ల మీద చెదలు లేపిన పుట్టల సంగతి ఏ శాసనంలోనూ ఎక్కలేదు. ఏ పుట్ట దగ్గర ఏ కార్తెలో గొడుగులు లేస్తాయో ఎరిగినవాళ్లు మాత్రం పల్లెల్లో ఇంకా ఉన్నారు. ఆ చోటు పక్కింటివాళ్లకు కూడా చెప్పరు. ఆ కూర రుచి అలాంటిది మరి.

శిలీంధ్ర శాస్త్రం అడిగేదీ ఇంచుమించు అదే: ఎక్కడ, ఎప్పుడు, దేని మీద? పెద్దవాళ్ల తలలో ఉన్న ఈ మూడు సంగతులూ కాగితం మీదికి వస్తే అది నమోదు. రాకపోతే ఒక తరంతో ఆగిపోతుంది.

మన వాళ్లు ఇష్టంగా వండుకునే పుట్టగొడుగులు టెర్మిటోమైసిస్ ప్రజాతివి. ఫ్రెంచి శాస్త్రవేత్త రోజర్ హైమ్ 1942లో ఈ ప్రజాతిని విడిగా గుర్తించాడు. చెదపురుగులు ఆకూ పుల్లా నమిలి, పుట్ట లోపల రంధ్రాల దిమ్మలు కట్టి, వాటి మీద ఈ శిలీంధ్రాన్ని పెంచుకుంటాయి. వాటికి అదే తోట, అదే తిండి. వాన అదును చూసుకుని ఆ తోటలోంచే వేరులాంటి పొడవాటి కాడ నేలను చీల్చుకుని పైకొచ్చి గొడుగు విప్పుతుంది. వరిగడ్డి మీద ముత్యపు చిప్ప పుట్టగొడుగుల్ని ఎవరైనా పెంచవచ్చు. దీన్ని మాత్రం చెదలు లేకుండా పండించి అమ్మే దారి ఇంతవరకు కుదరలేదు. పుట్టను తవ్వి చదును చేస్తే ఆ చోట గొడుగుకీ నూకలు చెల్లినట్టే. మద్రాసు విశ్వవిద్యాలయానికి చెందిన కె. నటరాజన్ 1979లో తమిళనాడు నుంచి ఇందులో ఒక కొత్త జాతిని వర్ణించి, హైమ్ పేరు మీదుగా టెర్మిటోమైసిస్ హైమీ అన్నారు.

నమోదు చేసేవాళ్లకు మొదటి నియమం, గొడుగును పీకకూడదు. పక్కనుంచి గునపంతో తవ్వాలి. పీకితే కాడ మధ్యలో తెగి, లోపలి దిమ్మ దాకా పోయే భాగం మట్టిలోనే ఉండిపోతుంది. గుర్తుపట్టడానికి అసలైన ఆధారం అదే. తవ్వకముందే ఫొటో తీయాలి. చాలామంది పైనుంచి తీసి సంతోషిస్తారు గానీ చూడవలసింది టోపీ అడుగు: మొప్పలు కాడకు అంటుకున్నాయా విడిగా ఉన్నాయా, కాడ మీద ఉంగరం ఉందా, కోస్తే రంగు మారుతోందా, వాసన ఎలా ఉంది. వాసన, రంగు గంటల్లో పోతాయి కాబట్టి అక్కడే రాసుకోవాలి.

తర్వాతి పని రాత్రి ఇంట్లో. టోపీని కాడ నుంచి కోసి, సగం తెలుపు సగం నలుపు కాగితం మీద మొప్పలు కిందికి ఉండేలా పెట్టి గాజుగిన్నె బోర్లిస్తే, తెల్లారేసరికి సిద్ధబీజాలు రాలి ముద్ర పడుతుంది. టెర్మిటోమైసిస్‌ది లేత గులాబి ముద్ర. పచ్చిక నేలల్లో వానకు లేచే క్లోరోఫిల్లమ్ మాలిబ్డైటిస్ కూడా తెల్లగా, బొద్దుగా, నోరూరించేలా ఉంటుంది. దాని ముద్ర ఆకుపచ్చ. తిన్నవాళ్లకు వాంతులు, విరేచనాలు తప్పవు. అలాగని గులాబి ముద్ర పడిందంటే వండుకోవచ్చని కాదు. ఆ రంగు ముద్ర వేసే విషపు జాతులూ ఉన్నాయి.

ముద్ర తీశాక నమూనాను సన్నని వేడి గాలిలో పెళుసుగా విరిగేదాకా ఆరబెట్టి కాగితం పొట్లంలో కట్టాలి. ప్లాస్టిక్ సంచిలో వేస్తే చెమ్మ పట్టి ఒక్క రోజులో కుళ్లుతుంది. పొట్లం మీద ఊరు, తేదీ, ఏ చెట్టు లేదా ఏ నేల, ఎవరు సేకరించారు అన్నది ఉంటేనే దానికి విలువ. ఇలాంటి పొట్లాల కోసం 1905లో బీహారులోని పూసాలో మొదలైన జాతీయ భాండాగారం ఇప్పుడు ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థలో ఉంది.

చోటు రాయకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఎడారి నేలల్లో, పుట్టల మీద లేచే పోడాక్సిస్ కథ చాలు. ప్రకృతి శాస్త్రవేత్త లిన్నేయస్ శిష్యుడు యోహాన్ కోనిగ్ 1768లో తమిళనాడు తీరంలోని తరంగంబాడికి వచ్చాడు. అతను పంపిన నమూనాను లిన్నేయస్ 1771లో వర్ణిస్తూ దొరికిన చోటు ‘ఇండియా’ అన్నాడు, అంతే. 1933లో శిలీంధ్ర పరిశోధకురాలు ఎలిజబెత్ మోర్స్ ప్రపంచంలోని పోడాక్సిస్ అంతా ఒకే జాతి అని తేల్చింది. జన్యు పరీక్షలు వచ్చాక ఆ ఒక్క పేరు కింద పలు జాతులున్నాయని బయటపడింది. వాటిలో లిన్నేయస్ చూసింది ఏది? దేశమంత పెద్ద చిరునామాతో ఎవరు వెతకగలరు!

చోటు రాసినందుకు దక్కిన ఫలితం గోదావరి తాటితోపుల్లో కనిపిస్తుంది. అక్కడ తాటిచెట్ల మొవ్వు కుళ్లి చెట్లు మోడువారుతుంటే శిలీంధ్ర శాస్త్రవేత్త ఇ.జె. బట్లర్ వచ్చి పరిశీలించి, 1907లో కారకాన్ని పిథియం పాల్మివోరమ్ పేరుతో వర్ణించాడు. 1919లో తానే దాన్ని ఫైటాఫ్తోరాలోకి మార్చాడు. ఆ తర్వాత శాస్త్రం దాని కుటుంబాన్నే శిలీంధ్రాల నుంచి తప్పించి గోధుమ రంగు నాచుల సరసన చేర్చింది. పేరు మారినా, వర్గం మారినా తాటిచెట్టు, గోదావరి అన్న రెండు మాటలు మారలేదు. ప్రపంచమంతటా కోకో కాయల్ని నల్లగా కుళ్లబెట్టే తెగులు కారకాల్లో ఇదొకటి. ఇప్పుడు గోదావరి కొబ్బరితోటల్లో అంతరపంటగా కోకో పెంచుతున్నారు.

విడి నమోదు ఒకటి ఒక సంగతి చెబుతుంది. ఏళ్ల తరబడి పోగుపడితే వాతావరణమే మాట్లాడుతుంది. ఇంగ్లండులోని సాలిస్‌బరీ చుట్టుపక్కల ఎడ్వర్డ్ గాంజ్ పోగుచేసిన 1950–2005 మధ్య నమోదులను కొడుకు అలన్‌తో కలిసి విశ్లేషిస్తే, శరత్కాలపు పుట్టగొడుగుల రుతువు సగటున 33 రోజుల నుంచి 75 రోజులకు సాగిందని తేలింది. 315 జాతులు, 52,000 నమోదులు. 2007లో ‘సైన్స్’ పత్రిక దాన్ని అచ్చువేసింది. ఏటా ఒకే ప్రాంతంలో, ఒకే ఓపికతో తిరగడమే ఆ లెక్కకు బలం.

అయితే ఇలాంటి నమోదులను చుక్కలుగా పెట్టి గీసిన ఏ పటాన్నీ కళ్లు మూసుకుని నమ్మకూడదు. చుక్కలు ఎక్కువగా పడేది విశ్వవిద్యాలయాల చుట్టూ, కార్లు పోయే దారుల వెంట. పటంలో ఖాళీగా ఉన్న చోట శిలీంధ్రాలు లేవని కాదు, అటు ఎవరూ వెళ్లలేదని అర్థం. పల్నాటిలాంటి నాపరాయి నేలలు, ఎండిపోయే చిట్టడవులు శిలీంధ్రాలకు పనికిరావని ముందే తీర్మానించడమూ పొరపాటే. ఎండిన కట్టెపుల్ల మీద బతికే స్కిజోఫిల్లమ్ ఎండకు మొప్పలు ముడుచుకుని, వానకు మళ్లీ విప్పుకుంటుంది. దాన్ని ఎండాకాలంలోనూ నమోదు చేయవచ్చు.

2021లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ వేపచెట్లు కొమ్మల చివర్ల నుంచి మాడిపోతుంటే జనం బెంబేలెత్తారు. కారకాల్లో ముఖ్యమైన ఫోమాప్సిస్ అజాడిరాక్టే అనే శిలీంధ్రాన్ని మైసూరు పరిశోధకులు 1997లోనే వర్ణించి ఉంచారు కాబట్టి పేరు కోసం వెతుక్కునే పని తప్పింది. తేయాకు దోమ పాత్ర కూడా అందులో ఉందని శాస్త్రవేత్తలు చెప్పారు. తర్వాతి ఏడాదుల్లోనూ వానలు వెనకబట్టే వేళకు అదే మాడు మళ్లీ కనిపించింది. ఏ ఊళ్లో ఏ చెట్టు ఏ నెలలో మాడింది, ఏది మళ్లీ చిగిర్చింది అన్న వివరం ఊరి బడిపిల్లలు కూడా నోటుబుక్కులో రాయగలరు. భారత జీవవైవిధ్య పోర్టల్‌లో ఫొటోతో ఎక్కించగలరు.