పల్లేరు ముందు చతికిలపడి

పల్లేరుతో మన పరిచయమంతా అరికాలితోనే. ముల్లు దిగుతుంది, ఒంటికాలి మీద నిలబడి పీకేసి, నాలుగు తిట్లు తిట్టి పోతాం. దానికీ ఒక పువ్వుందన్న సంగతి ఎవరికి పట్టింది? వానలు పడ్డాక భూతద్దం జేబులో వేసుకుని బీళ్లవెంట తిరగడం నాకు అలవాటు. పొద్దున్నే పోవాలి, మధ్యాహ్నమైతే పల్లేరు పువ్వు దొరకదు.

మొన్న పావగడ తాలూకా రాయచెర్లు దగ్గర, సోలార్ పార్కు కంచె పక్క మట్టిదారిలో చతికిలపడ్డాను. గొర్రెలు తోలుకొస్తున్న కుర్రాడు ఆగి, "ఏం ఎతుకుతాండావ్‌నా?" అన్నాడు. పువ్వు చూస్తున్నానన్నాను. "పువ్వేం జేస్తాదిలే, కాయను జూసుకో" అని మందను అదిలించాడు.

వేలిగోరంత పువ్వు. ఐదు పసుపు రేకులు, పది కేసరాలు. పురుగు రాకపోయినా తన పుప్పొడితోనే కాయ కట్టగలదు. కణుపు దగ్గర ఎదురెదురుగా ఉన్న ఆకుల్లో ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. జొన్నలాగే ఇదీ సి4 మొక్క, తక్కువ నీటితో మండే ఎండను వాడుకుంటుంది.

కాయనూ చూడాల్సిందే. ముదిరితే ఐదు ముక్కలుగా విడిపోతుంది. ఒక్కో ముక్కకు రెండు పెద్ద ముళ్లు, రెండు చిన్నవి, అచ్చం కొమ్ములున్న ఎద్దు తల. ఎటు పడినా ఏదో ఒక ముల్లు పైకే ఉంటుంది. గొర్రె డెక్కో లారీ టైరో దాన్ని పక్క ఊరికి మోస్తుంది. లోపల వేరువేరు అరల్లో గింజలు. అన్నీ ఒకేసారి మొలవవు. ఒకటి ఈ వానకు లేస్తే మిగతావి ఏళ్లతరబడి ఆగగలవు. మొదటి పదునుకే ఉన్న విత్తనమంతా వేసి ఆకాశంవైపు చూసే వేరుశనగ రైతుకు అంత వెసులుబాటు ఎక్కడిది!

కంచె అవతల, 2018లో మొదలైన సోలార్ పార్కుకు రాయచెర్లుతో కలిపి ఐదు ఊళ్ల భూమి, దాదాపు 13 వేల ఎకరాలు, కౌలుకు పోయింది. మొత్తం 2,050 మెగావాట్లు. భూమి ఉన్నవాళ్లకు ఏటా కౌలు డబ్బు వస్తుంది. బీడు మీద మేపుకునేవాళ్లకు మిగిలింది కంచె బయటి దారి, దారిలో పల్లేరు. దక్షిణాఫ్రికాలో ఎండకు వాడిన పల్లేరు మేసిన గొర్రెలకు కాలేయం దెబ్బతిని, మొహం, చెవులు వాచే జబ్బు ఉంది. అందుకే గొర్రెలు దేన్ని కొరుకుతున్నాయో నేనూ గమనిస్తుంటాను.

అమెరికాలో ఈ కాయ సైకిల్ ట్యూబులకు శత్రువు. 1961లో అక్కడివాళ్లు దీని మీదికి రెండు రకాల ముక్కుపురుగుల్ని వదిలారు. ఒకటి కాయను తింటుంది, రెండోది కాండాన్ని. ఆ పురుగులు మన దేశంలోనూ ఉన్నాయి. ఎండుకాయ మీద సన్నటి గుండ్రటి రంధ్రం ఉంటే అది లోపల పెరిగిన పురుగు బయటపడిన దారి. రాయచెర్లులో ఏరిన కాయల్ని కాగితం మీద పోసి ఒక్కొక్కటే తిప్పి చూస్తున్నాను. ఇంతవరకూ ఒక్కదానికీ రంధ్రం లేదు.