ఎర్రనీటికి ఎదురు నిలిచే విద్య

పుస్తెలమ్మైనా పులస తినాలన్న సామెత తెలియనివారు గోదావరి జిల్లాల్లో ఉండరు. ఆ సామెతలో తినేవాడున్నాడు, అమ్ముకునే పుస్తెలున్నాయి, పట్టేవాడు మాత్రం లేడు. పులస గురించి మనం చెప్పుకునేదంతా ఇంతే. మట్టిదాకలో పులుసు దగ్గర మొదలై విస్తరి దగ్గర ఆగిపోతుంది. నిజానికి ఆ చేప విలువలో సగానికి పైగా వరదలో వల వదిలే చేతిది. ఆ చేతిని గౌరవించడం నేర్చుకోనంత కాలం పులసను కాపాడుకోవడం మనవల్ల కాదు.

సముద్రంలో ఉన్నన్నాళ్లూ అది విలస. ఎగువ వానలకు జూలైలో గోదావరి ఎర్రబడి సముద్రంలోకి దూకేసరికి, గుడ్లు పెట్టడానికి ఆ నీటి జాడ పట్టుకుని అంతర్వేది దగ్గర వశిష్ఠలోకి, యానాం దిగువన గౌతమిలోకి ఎదురెక్కి పులస అవుతుంది. అప్పుడు నది నిండుగా ఉంటుంది, నీటిలో చెయ్యి పెడితే చెయ్యి కనబడదు. పడవలో ఇద్దరే ఉంటారు. తెడ్డు పట్టినవాడు పడవను ప్రవాహానికి అడ్డంగా నిలుపుతుంటే రెండోవాడు వల వదులుతాడు. పైన బెండ్లు, కింద గుళ్లు, మధ్యలో తెరలా నిలబడ్డ వల నీటితో పాటే దిగువకు సాగుతుంది. ఎదురీదుతున్న చేప వచ్చి తల దూర్చుతుంది, మొప్పల దగ్గర దారం పడుతుంది. చెప్పడానికి ఇంతే. కానీ వరద గోదావరిలో ఆ వల ఎక్కడ వదలాలన్నదే అసలు విద్య. నడిమి పాయలో నీటి ఉరవడికి చేప అలసిపోతుంది కాబట్టి లంకల మొనల వెనకా, ఒడ్డువార నీరు నెమ్మదించే చోటా దారి వెతుక్కుంటుంది. సముద్రం పోటు మీదుండి వరదను కాస్త వెనక్కి నెట్టిన వేళ దాని పని సులువవుతుంది. ఆ చోటూ ఆ వేళా కలిసే క్షణాన్ని నీటి రంగూ సుడుల తీరూ చూసి పసిగట్టే పెద్దలు మన రేవుల్లో ఉన్నారు. వల తాడు చేతిలో ఉంటే చాలు, నీటి అడుగున ఏం జరుగుతోందో చెప్పగలరు. దుంగ తగిలితే తాడు బిగిసి అలాగే ఉండిపోతుంది. గుర్రపుడెక్క పడితే మెల్లగా బరువెక్కుతుంది. పులస తగిలితే ఒక కుదుపు, సన్నటి వణుకు, అంతే. వల పైకి తీశాక మొప్ప కింద దారాన్ని వేలితో తప్పించి, పొలుసు రాలకుండా చేపను విడిపించే ఆ నేర్పును చూసి తీరాలి. వెండిపని చేసే కంసాలి చేతిలోనే అంత మృదుత్వం ఉంటుంది.

వల వదిలాక పడేది అదృష్టమే కదా, ఇందులో విద్య ఏముందని కొందరంటారు. అదృష్టమే అయితే అన్ని పడవలకూ సమానంగా దక్కాలి. ఒకే రేవు నుంచి ఒకే పూట బయల్దేరిన పడవల్లో కొన్ని పదే పదే చేపతో రావడం, కొన్ని పదే పదే ఒట్టివలతో రావడం అదృష్టం పనేనా? పైగా కొట్టుకొచ్చే మానులకు వల చిక్కకుండా, పడవ సుడిలో తిరగబడకుండా బయటపడటం అదృష్టానికి వదిలేసే వ్యవహారం కాదు.

ఇక ఆగ్రహం రావలసిన చోటికి వద్దాం. ఒడిశా నుంచీ బెంగాల్ నుంచీ ఐసు పెట్టెల్లో వచ్చిన చేపనూ, మన సముద్రంలోనే పడిన విలసనూ పులస పేరుతో అమ్మేస్తున్నారు. శాస్త్రం ప్రకారం అన్నీ ఒకే జాతి కదా అంటారు వ్యాపారులు. నిజమే, ఒకే జాతి. కానీ పులస అన్నది జాతి పేరు కాదు, గోదావరికి ఎదురీదిన ప్రయాణం పేరు. ఆ ప్రయాణం చేయని చేపకు ఆ పేరు పెట్టి అమ్మడం పచ్చి మోసం. అదే జాతి పద్మానది ఇలిష్‌ను బెంగాలీలు ఎంతైనా పొగుడుకోనివ్వండి, ఎర్రనీటి పులస ముందు అది రెండో పీటే. ఒక్క చేప 20,000 రూపాయలు దాటి పలికిందని యానాం నుంచి వార్త వస్తే మురిసిపోతాం. అది వైభవానికి గుర్తు కాదు, చేప కరువైందనడానికి గుర్తు.

కరువు ఊరికే రాలేదు. 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట లేచింది, 1982 నాటికి దాని చోట 175 గేట్ల బ్యారేజీ వచ్చింది. అంతకు ముందు పులస భద్రాచలం దాకా ఎక్కేదని పెద్దలు చెప్పేమాట. ఆ ఆనకట్ట కట్టించిన కాటన్ దొర లేకపోతే డెల్టాకు అన్నమే లేదని ఎవరైనా అంటే కాదనను. ఆయన విగ్రహానికి దండ వేసే చేతులు చేపకు ఒక దారి కూడా అడగాలంటున్నాను. తూర్పు తీరంలో మర పడవల వేట ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఆగుతుంది, పులస కదిలేదేమో జూలైలో. అంటే తల్లిచేప బయల్దేరే వేళకు నదీముఖంలో కాపలా ఉండదు. పైగా సన్నకన్ను వలలు పిల్లలను కూడా ఊడ్చేస్తున్నాయి. నిషేధం పెడితే పల్లెకారు బతికేదెలా అంటారా? బంగ్లాదేశ్ అక్టోబరులో 22 రోజులు ఇలిష్ వేట ఆపి, ఆ రోజులకు జాలర్లకు బియ్యం ఇస్తోంది. మన దగ్గరా వేసవి నిషేధానికి భృతి ఉంది. దాన్ని జన నిండిన పులస నది ఎక్కే కొన్ని రోజులకూ చాచడం అసాధ్యం కాదు.

కొనేవారు చేయగల పని కూడా ఒకటుంది. ధర అడిగే ముందు చేప ఏ రేవులో, ఏ పోటుకు పడిందో అడగండి. వల వదిలినవాడికి ఆ జవాబు నాలుక చివరే ఉంటుంది. ఐసు పెట్టె విప్పినవాడు తడబడతాడు. ఆ ప్రశ్న నలుగురూ అడగడం మొదలుపెట్టిన రోజు, పట్టేవాడికి మన సామెతలో దక్కని చోటు బజారులోనైనా దక్కుతుంది.