కౌటిల్యుని వీధిబురద

శామశాస్త్రిగారు 1909లో ప్రకటించిన కౌటిలీయార్థశాస్త్రమును మనవారు గూఢచారులకొఱకే చదువుదురు. నాకు నాగరికప్రణిధి యను ప్రకరణము ముఖ్యముగాఁ దోఁచినది. నాగరికుఁడనఁగా నగరాధికారి.

వీధిలో మన్ను పోసినవానికిఁ బణములో ఎనిమిదవ వంతు, బురదనీటితో వీధి నడ్డగించినవానికి నాలవ వంతు దండము, రాజమార్గమైనచో రెట్టింపు. దుమ్మును, బురదయు లెక్కకు వచ్చినవనఁగా నవి మట్టివీధులే యని తలఁచెదను. శాస్త్రకారుఁడు వానలో నడచినవాఁడే!

మనువు త్రోవ వేఱు. రాజమార్గమును మలినపఱచినవాఁడు రెండు కార్షాపణము లిచ్చి, యా మలినమును వెంటనే తీయవలెను. వృద్ధులకు, గర్భిణులకు, బాలురకు మందలింపే చాలును. శుద్ధి మాత్రము తప్పదు. కౌటిల్యుఁ డిచ్చట శుద్ధిమాట యెత్తలేదు. పణభాగము బొక్కసమునకుఁ జేరును, బురద యున్నచోటనే యుండును.

మఱి యధికారిమాట? అతఁడు నిత్యమును నీటిపట్టులను, మార్గములను, ప్రాకారములను బరీక్షింపవలెను. రాత్రి జరిగిన దోషమును దెలుపకున్నను, ఏమఱినను దోషానురూపమైన దండము కలదు. అనఁగా నెంత? గృహస్థుని తప్పునకు వీసములతో లెక్క కట్టిన గ్రంథము అధికారి తప్పునకు లెక్క కట్టలేదు. పల్లపువీధిలో వాననీరు నిలిచినచో, గుడిసెవాఁ డడ్డగించెనా, వాలు చూడక వీధి తీర్చినవారి దోషమా యని విచారించు క్రమము ఈ ప్రకరణమున లేదు. పాదపణము మాత్రము గుడిసెవాఁడే యిచ్చుకొనవలెను.