గోడ కూలినా నవ్వడు

టీవీలో కామెడీ షో పెడితే నటుడు జారిపడీ పడకముందే ‘టొయ్ఁ’మని ఓ చప్పుడు. పడ్డాక ఆ పడడాన్నే మళ్ళీ మళ్ళీ తిప్పి చూపిస్తారు. పక్కన కుర్చీలో జడ్జిగారు పగలబడి నవ్వుతుంటారు. నవ్వమని ఇన్ని రకాలుగా బతిమాలుతున్నారంటే, నవ్వు రాదేమోనని వాళ్ళకే అనుమానం ఉన్నట్టు! విసుగొచ్చినప్పుడల్లా నేను మూకీల నాటి కమెడియన్ బస్టర్ కీటన్ సినిమా పెట్టుకుంటాను. చాప్లిన్‌ని మనవాళ్ళు ఎప్పుడో మనవాడిగా కలిపేసుకున్నారు గానీ, కీటన్ పేరు మన దగ్గర అంతగా వినపడదు.

1928లో వచ్చిన ‘స్టీమ్‌బోట్ బిల్ జూనియర్’లో గాలివాన సీన్ చూడండి. ఊరు ఊరంతా ఎగిరిపోతుంటే కీటన్ ఒక ఇంటి ముందు నిలబడి మెడ రుద్దుకుంటుంటాడు. వెనకాల ఇంటి ముందుగోడ మొత్తం ఊడి ఆయన మీదికి వాలుతుంది. ఆయనకి తెలీదు, మనకి తెలుసు. పై అంతస్తులో ఓ కిటికీ తెరిచి ఉంది. గోడ పడుతుంది. కిటికీ సందు సరిగ్గా ఆయన నిలబడ్డచోట దిగుతుంది. దుమ్ములో మనిషి అలాగే నిలబడి ఉంటాడు. ఓసారి అటూ ఇటూ చూసుకుని, అప్పుడు లంకించుకుంటాడు పరుగు.

అట్టముక్కతో చేసిన గోడ కాదది. 2 టన్నుల బరువుండేదనీ, భుజానికీ కిటికీ చట్రానికీ మధ్య ఎడం అంగుళాల్లోనే అనీ చెబుతారు. కెమెరా దూరంగా ఉంది. మనిషి, ఇల్లు, కిటికీ అన్నీ ఒకే ఫ్రేములో కనిపిస్తాయి. గోడ ఒక షాటులో, ఆయన మొహం ఇంకో షాటులో పెట్టి అతికిస్తే ఆ సీను మిగలదు. మోసం లేదని మన కళ్ళకే తెలుస్తుంది కాబట్టి ముందు గుండె జారుతుంది, ఆ వెనకే నవ్వు తన్నుకొస్తుంది.

ఓసారి ఈ సినిమా మా అత్తగారితో కలిసి చూశాను. ఆవిడకి ఇంగ్లీషు రాదు. మధ్యమధ్యలో వచ్చే అక్షరాల కార్డులతో ఆవిడకి పనే పడలేదు. గోడ పడగానే మాత్రం “నిజం గోడేనా అమ్మా?” అని అడిగారు. అవునన్నాను. “వాళ్ళమ్మ చూస్తూ ఎలా ఊరుకుందే?” అన్నారు.

వాళ్ళమ్మ కథ వేరే ఉంది. కీటన్ పసివాడిగా ఉన్నప్పుడే అమ్మానాన్నలతో స్టేజీ ఎక్కాడు. నాటకంలో భాగంగా తండ్రి ఆ పిల్లాణ్ణి ఎత్తి స్టేజీ మీద అటూ ఇటూ విసిరేసేవాడు. పట్టుకోడానికి వీలుగా చొక్కా వీపున సూట్‌కేసు పిడి కుట్టారు! తల్లి అదే స్టేజీ మీద శాక్సొఫోన్ వాయించేది. తను నవ్వితే జనం నవ్వడం తగ్గుతోందని ఆ పిల్లాడు అప్పుడే కనిపెట్టాడు. అంతే, మొహం బిగించేశాడు. 1924లో ‘షెర్లాక్ జూనియర్’ తీస్తుండగా రైల్వే నీళ్ళట్యాంకు ధార మీద పడి మెడ ఎముక విరిగింది. ఆ సంగతి ఏళ్ళ తర్వాత ఎక్స్‌రేలో గానీ బయటపడలేదు. మూకీ కమెడియన్లకి ఇలాంటి దెబ్బలు మామూలే. హెరాల్డ్ లాయిడ్ ‘సేఫ్టీ లాస్ట్’లో గడియారం ముల్లు పట్టుకుని వేలాడేనాటికి కుడిచేతికి బొటనవేలూ చూపుడువేలూ లేవు. 1919లో ఫొటో కోసం పట్టుకున్న ఉత్తుత్తి బాంబు నిజంగానే పేలింది.

పాత మూకీలంటే గబగబా నడిచే బొమ్మలని కొందరి అభిప్రాయం. ఆ తప్పు చాలావరకు ప్రొజెక్టర్లది. నెమ్మదైన వేగంతో తీసిన రీళ్ళని టాకీల వేగంతో ఆడించారు మరి. సరైన వేగంతో చూస్తే కీటన్ ఎంత నిదానస్తుడో తెలుస్తుంది.

మాట లేకుండా ప్రేక్షకుడికి సంగతి అందించడం ఎంత కష్టమో చాప్లిన్ ‘సిటీ లైట్స్’ చెబుతుంది. టాకీలు ఊపందుకున్నాక, 1931లో, పట్టుబట్టి మాటల్లేకుండా వదిలిన సినిమా అది. పూలమ్మే గుడ్డిపిల్ల ఈ బికారిని డబ్బున్నవాడని పొరబడాలి. అదెలా? ట్రాఫిక్‌లో ఆగిన ఖరీదైన కారులో ఒకవైపు దూరి రెండోవైపు దిగుతాడు. తలుపు పడిన చప్పుడు ఆ పిల్ల వింటుంది. మనకి వినపడదు, అయినా అర్థమైపోతుంది. ఆ పూలమ్మాయి సీన్ కుదరక చాప్లిన్ వందల టేకులు తీశాడు. ఒక్క డైలాగుతో తేలిపోయే పనికి అంత యాతన ఏమిటని ఎవరన్నా అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఆ సీను చూపిస్తాను, అంతే.

మనవాళ్ళలో ఆ విద్య పట్టుకున్నవారు సింగీతం శ్రీనివాసరావుగారు. 1987 నాటి ‘పుష్పక విమానం’లో మాటల్లేవు గానీ చప్పుళ్ళు బోలెడు. సినిమాహాలు పక్కనున్న ఇరుకుగదిలో, ఆ ఫైటింగుల గోలలోనే నిద్రపోవడం అలవాటైన కమల్ హాసన్‌కి పెద్ద హోటల్లో మెత్తటి పరుపు మీద కంటిమీద కునుకు రాదు. వెళ్ళి ఆ గోలంతా టేపులో రికార్డు చేసుకొచ్చి, తలదగ్గర పెట్టుకుని హాయిగా గుర్రు పెడతాడు. కాసిని డిష్యుం డిష్యుంలతో పేదరికం మీద అంత జోకు! మన సినిమాల్లో కామెడీ ట్రాకులు రాసేవాళ్ళు ఆ ఒక్క సీన్ రోజూ చూసినా నాకు సంతోషమే.

కీటన్‌ని కొత్తగా చూసేవాళ్ళు ‘ది జనరల్’తో మొదలుపెట్టకండి, అది కాస్త నిదానంగా అందుకుంటుంది. 1920 నాటి ‘వన్ వీక్’ పెట్టుకోండి. రెండే రీళ్ళు. కొత్త దంపతులు పెట్టెల్లో వచ్చిన ఇంటిని బిగించుకుంటుంటారు, ఎవడో పెట్టెల మీద నంబర్లు మార్చేశాడు. గోడ కూలే ఆట ఇందులో చిన్నపాటి రూపంలో అప్పటికే ఉంది. పక్కన పిల్లలుంటే మరీ మంచిది. మీరేమీ విడమరిచి చెప్పక్కర్లేదు.